రాత్రి రెండింటికి టాక్సీ ఏది?



ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో 1990ల చివర శుక్ర, శనివారాల రాత్రులు ఒకే తీరుగా ముగిసేవి. సిటీ బస్సులు పదకొండున్నరకు ఆఖరి ట్రిప్పు కొట్టి డిపోకు వెళ్లిపోయేవి. ఆ తర్వాత కొన్ని దారుల్లో మాత్రమే వారాంతపు రాత్రి బస్సులు నడిచేవి. క్లబ్బులు, డాన్స్ హాళ్లు చట్టం చెప్పిన వేళకు తలుపులు మూసేవి కాబట్టి వేలమంది కొద్ది నిమిషాల తేడాతో రోడ్డు మీదికి వచ్చేవారు. ఓకానెల్ స్ట్రీట్‌లోనూ, కాలేజ్ గ్రీన్‌లోనూ, సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ పక్కనా ఉన్న టాక్సీ స్టాండ్ల దగ్గర వరస సందు మలుపు దాటి పోయేది. ఆ వరసలో విందు వినోదాలకు వచ్చినవాళ్లే ఉండేవారనుకోకూడదు. హోటల్ వంటగదిలో గిన్నెలు తోమి బయటికొచ్చినవాళ్లు, ఆస్పత్రి డ్యూటీ దిగిన నర్సులు, ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్లు కూడా అదే వరసలో, అదే వానలో నిలబడేవారు.

డబ్లిన్ కౌంటీ జనాభా అప్పటికే పది లక్షలు దాటింది. 2000 సంవత్సరంలో నగరంలో ఉన్న టాక్సీలు సుమారు 2,700.

టాక్సీ నడుపుతామని ముందుకొచ్చేవాళ్లకు అక్కడ కొరత లేదు. కారుంది, డ్రైవింగ్ లైసెన్సుంది, రాత్రిపూట పనిచేసే ఓపిక ఉంది. నగరం వాళ్లను వద్దంది. 1978లో ప్రభుత్వం కొత్త టాక్సీ లైసెన్సులకు అడ్డుకట్ట వేసింది. అప్పటికి డబ్లిన్‌లో ఉన్నవి సుమారు 1,800. తర్వాతి దశాబ్దంలో కొత్తవి దాదాపు రాలేదు. 1990ల్లో లెక్క తేల్చే అధికారం స్థానిక సంస్థల చేతికి వచ్చినా పట్టు పెద్దగా సడలలేదు. ఈలోగా ఐర్లండ్ ఆర్థికంగా ఎగసింది. ఉద్యోగాలు పెరిగాయి, విదేశాల నుంచి జనం తిరిగొచ్చారు, రాత్రి తిరిగే ఊరుగా డబ్లిన్ మారిపోయింది. టాక్సీలు మాత్రం పాత లెక్క చుట్టూనే తిరుగుతూ ఉన్నాయి.

అలా ఆగిపోయిన లెక్క ఒక సరుకును పుట్టించింది. టాక్సీ ప్లేటు, అంటే ఆ లైసెన్సు, చేతులు మారడానికి అనుమతి ఉంది. కొత్తవి రావు కాబట్టి ఉన్న ప్లేటుకు ధర పలకసాగింది. 1980 ప్రాంతంలో సుమారు మూడున్నర వేల ఐరిష్ పౌండ్లకు దొరికిన ప్లేటు, 2000 నాటికి ఎనభై, తొంభై వేల పౌండ్లు పలికింది. కారు ధర వేరు. ఇది కేవలం ఆ కారును టాక్సీగా తిప్పుకునే హక్కుకు కట్టిన వెల. ఇరవై ఏళ్లలో ప్రయాణికుడికి అందిన సేవలో ఆ స్థాయి మెరుగుదల ఏమీ లేదు. వరస పొడుగయ్యే కొద్దీ ప్లేటు విలువ పెరిగింది, అంతే.

ఆ డబ్బు ఎవరికి చేరిందో కూడా చూడాలి. ప్లేటు ఉన్న యజమాని పగలు తాను నడిపి, రాత్రికి మరొకరికి కారు అద్దెకిచ్చే పద్ధతి బాగా వ్యాపించింది. అద్దెకు తీసుకున్న డ్రైవరు ముందు యజమాని కిరాయి తీర్చాలి, తర్వాత పెట్రోలు పోయించుకోవాలి, ఆపైన మిగిలిందే ఇంటికి. హైదరాబాద్ ఆటో అడ్డాల దగ్గర ఈ లెక్కను ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఇప్పటికే నడుపుతున్న డ్రైవర్ల బతుకు చెడకూడదనేది పరిమితిని సమర్థించేవారి ప్రధాన వాదన. కాని పరిమితి వల్ల లాభపడింది ప్లేటు సొంతదారు. స్టీరింగ్ పట్టుకున్న మనిషి మాత్రం చాలాసార్లు కిరాయిదారుగానే మిగిలిపోయాడు. ఈ తేడా పట్టించుకోకుండా టాక్సీల సంఖ్య మీద చేసే చర్చ సగంలోనే ఆగిపోతుంది.

ప్రభుత్వం ఒక పరిష్కారం ఆలోచించింది. 1999 చివర్లో స్థానిక ప్రభుత్వ శాఖ సహాయమంత్రి బాబీ మొలోయ్ కొత్త లైసెన్సులు ఇస్తామన్నారు. ఎవరికి? ఉన్న ప్లేటుదారులకే, ఒక్కొక్కరికి ఇంకొకటి చొప్పున. బయట నిలబడి ఎదురుచూస్తున్న డ్రైవర్లు కోర్టుకెక్కారు. 2000 అక్టోబరులో హైకోర్టు న్యాయమూర్తి రొడరిక్ మర్ఫీ ఇచ్చిన తీర్పు ఆ ఏర్పాటును కొట్టేసింది. అర్హత ఉన్న పౌరుడు ఆ వృత్తిలోకి వచ్చే హక్కును, ప్రజలు టాక్సీ సేవ పొందే హక్కును ఈ సంఖ్యా పరిమితి దెబ్బతీస్తోందని, ఇలా కట్టడి చేసే అధికారం చట్టం మంత్రికి ఇవ్వలేదని కోర్టు తేల్చింది. ప్రజల వైపు హక్కును కూడా లెక్కలోకి తీసుకోవడం ఈ తీర్పులో గమనించాల్సిన సంగతి. అంతవరకూ ఆ చర్చంతా ప్లేటు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య గొడవగానే సాగింది.

అదే ఏడాది నవంబరు 21న కొత్త నిబంధనలు వచ్చాయి. అర్హత ఉన్న ఎవరైనా ఐదు వేల పౌండ్ల రుసుము కట్టి లైసెన్సు తీసుకోవచ్చు. చక్రాల కుర్చీ ఎక్కే వీలున్న వాహనమైతే వంద పౌండ్లు చాలు. పాత ప్లేటుదారులు టాక్సీలు అడ్డంపెట్టి విమానాశ్రయ మార్గాన్నీ, నగరం నడిబొడ్డునూ స్తంభింపజేశారు. వాళ్ల కోపాన్ని అర్థం చేసుకోవాలి. అప్పు చేసి కొన్న తొంభై వేల పౌండ్ల ఆస్తి ఒక్క సంతకంతో విలువ కోల్పోయింది. కొందరికి అది ముసలితనానికి దాచుకున్న సొమ్ము. భర్త పోయాక ప్లేటు కిరాయి మీద ఇల్లు నడుపుకుంటున్న వితంతువులూ వాళ్లలో ఉన్నారు. ప్రభుత్వం తర్వాత ఒక సంఘాన్ని వేసి, తీవ్రంగా దెబ్బతిన్నవారికి కొంత సాయం అందించింది. పోయినదానితో పోలిస్తే అది చాలా తక్కువ. ఇరవై రెండేళ్లపాటు ప్లేటు ధర పెరుగుతుంటే చూస్తూ ఊరుకున్న పాలకులు ఆ బాధకు బాధ్యులు. ఏటా వందో రెండువందలో లైసెన్సులు వదులుతూ వచ్చి ఉంటే, ఎవరూ ఒక అనుమతి పత్రం మీద జీవితాన్ని తాకట్టు పెట్టేవారు కాదు.

రెండేళ్లు తిరిగేసరికి డబ్లిన్‌లో టాక్సీలు ఎనిమిది వేలు దాటాయి. దేశం మొత్తం మీద నాలుగు వేల నుంచి పన్నెండు వేల దాకా వచ్చాయి. అర్ధరాత్రి వరసలు తగ్గాయి.

ఇక్కడితో కథ సుఖాంతమైందని చెబితే శ్రోతలకు అన్యాయం చేసినట్టే. 2008 నాటికి ఐర్లండ్‌లో అద్దె వాహనాల లైసెన్సులు 27 వేల ప్రాంతానికి చేరాయి. అదే ఏడాది ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. పనులు పోయినవాళ్లు టాక్సీల్లోకి వచ్చారు, టాక్సీ ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. స్టాండు దగ్గర ఈసారి కార్ల వరస పెరిగింది. 2010లో ప్రభుత్వం చక్రాల కుర్చీ సౌకర్యం లేని కార్లకు కొత్త లైసెన్సులు ఆపేసింది. మరి పుష్కరం తిరిగాక, కోవిడ్ తగ్గుముఖం పట్టి ఊరు మళ్లీ తెరుచుకున్నాక, డబ్లిన్ వీధుల్లో రాత్రిపూట టాక్సీ దొరకడం లేదన్న గోల మళ్లీ మొదలైంది. వయసు మళ్లిన డ్రైవర్లు చాలామంది వృత్తి వదిలేశారు. ఉన్నవాళ్లలో కొందరు తాగినవాళ్లతో గొడవలు, వాంతులు, కిరాయి ఎగ్గొట్టి పారిపోవడాలు ఎందుకని రాత్రి పని మానేశారు. 2022 సెప్టెంబరులో చార్జీలు సగటున 12 శాతం పెంచారు. రాత్రి నడపడానికి డ్రైవరు రావాలంటే రాత్రి నడిపినందుకు ప్రతిఫలం దక్కాలి.

కాబట్టి సంఖ్య మీద కట్టడి ఒక తలుపు మాత్రమే. అది మూసి ఉంటే రాత్రి ప్రయాణికుడు కచ్చితంగా నష్టపోతాడు. తెరిచినంత మాత్రాన బండి వచ్చి గుమ్మం ముందు ఆగదు.

ఇంగ్లండ్ సంగతి ఇంకో రకం. అక్కడి చట్టం చాలా పాతది. 1847లో, గుర్రపు బళ్ల కాలంలో చేసిన పట్టణ పోలీసు చట్టం, ఎన్ని బాడుగ బళ్లకు లైసెన్సు ఇవ్వాలో నిర్ణయించే అధికారం స్థానిక సంస్థలకే ఇచ్చింది. 1985 రవాణా చట్టం దానికి ఒక షరతు చేర్చింది. సంఖ్యను కారణంగా చూపి ఎవరికైనా లైసెన్సు నిరాకరించాలంటే, తమ ప్రాంతంలో తీరకుండా మిగిలిపోయిన గిరాకీ చెప్పుకోదగినంతగా లేదని కౌన్సిల్‌కు నమ్మకం కలగాలి. ఆ నమ్మకం కోసం సర్వేలు పుట్టుకొచ్చాయి. కొన్నేళ్లకోసారి ఒక సలహా సంస్థ మనుషులు టాక్సీ స్టాండ్ల దగ్గర నిలబడి, లేదా కెమెరాలు పెట్టి, ఎందరు ఎన్ని నిమిషాలు ఎదురుచూశారో రాసుకుంటారు. సర్వే ఖర్చు సాధారణంగా టాక్సీల లైసెన్సు ఫీజుల్లోంచే తీస్తారు. చాలా సర్వేల్లో చివరికి ఒక సూచీ కడతారు. అది 80 దాటితే గిరాకీ తీరలేదని, దాటకపోతే తీరిందని అర్థం.

ఆ సూచీ లోపలికి ఒకసారి తొంగిచూడాలి. సగటు నిరీక్షణ ఎంత, ఎంతమంది ఎదురుచూడాల్సి వచ్చింది, పనిదినాల పగటివేళల్లో ఎంతసేపు వరస ఉంది వంటివన్నీ గుణించి అంకె తేలుస్తారు. అందులో రద్దీకి సంబంధించిన ఒక గుణకం ఉంది. గిరాకీ అంతా అర్ధరాత్రి గంటల్లోనే ఎగసిపడే ఊరైతే ఆ గుణకం సగం. అంటే వచ్చిన అంకెను సగానికి తగ్గిస్తారు. వారంలో రెండు రాత్రుల రద్దీ కోసం కొత్త టాక్సీలను దింపితే మిగతా ఐదు రోజులు అవి ఖాళీగా నిలబడాల్సి వస్తుందని దీనికి చెప్పే కారణం. వ్యాపారపరంగా ఆ కారణంలో పస ఉంది. కాని ఫలితం ఏమిటి? అలాంటి రద్దీ లేని ఊళ్లో పగలు మార్కెట్ దగ్గర ఎదురుచూసిన మనిషి నిమిషాలు పూర్తిగా లెక్కలోకి వస్తాయి. అర్ధరాత్రి రద్దీ ఎక్కువగా ఉన్న ఊళ్లో, ఏ వేళకు రవాణా అవసరం అన్నిటికన్నా ప్రాణప్రదమో ఆ వేళకు నిలబడిన మనిషి నిమిషాలు సగమవుతాయి. పెళ్లి ఇంటికి మామూలు రోజు లెక్కన బియ్యం కొలిచినట్టుంది ఈ పద్ధతి.

ఇంకొక లోపం కూడా ఉంది. స్టాండు దగ్గర నిలబడ్డవాళ్లే లెక్కకు వస్తారు. టాక్సీ దొరకదని ముందే తెలిసి నడుచుకుంటూ పోయినవాళ్లు, ఎవరి కారో ఎక్కినవాళ్లు, భయపడి రాత్రి షిఫ్టు ఉద్యోగమే వదులుకున్నవాళ్లు ఏ కాగితం మీదా కనిపించరు. సర్వే చేసేవాళ్లు జనాన్ని ఆపి, వేచి చూసి విసిగి వెళ్లిపోయారా అని అడుగుతారు గాని, ఆ జవాబులకు వరస పొడవుకున్నంత బరువు ఉండదు. కొరత ఎంత పాతదైతే అంత తక్కువ కనిపించడం ఈ కొలతలో ఉన్న పెద్ద ప్రమాదం. జనం ఆశ వదులుకుంటే వరస తగ్గుతుంది, వరస తగ్గితే గిరాకీ తీరినట్టు నివేదిక వస్తుంది.

బ్రిటన్‌లో న్యాయమైన వ్యాపారాన్ని పర్యవేక్షించే సంస్థ 2003 నవంబరులో ఈ పరిమితులన్నిటినీ ఎత్తేయాలని సిఫారసు చేసింది. అప్పటికి నూటికి 45 స్థానిక సంస్థలు టాక్సీల సంఖ్యను కట్టడి చేస్తున్నాయి. ప్రభుత్వం చట్టం మార్చలేదు. కట్టడి లేకపోవడమే మేలైన పద్ధతి అని సలహా మాత్రం ఇచ్చి, నిర్ణయాన్ని కౌన్సిళ్లకే వదిలేసింది. చట్టాల సంస్కరణల కమిషన్ 2012లో కట్టడి ఎత్తేద్దామని ప్రతిపాదించి, వచ్చిన అభిప్రాయాలు చదివాక 2014 తుది నివేదికలో ఆ అధికారం ఉండనివ్వొచ్చని చెప్పింది. కట్టడి తీసేసిన ఊళ్లలో స్టాండ్లు కిక్కిరిసి, పొగ పెరిగి, డ్రైవర్లు ఎక్కువ గంటలు పనిచేయాల్సి వస్తోందన్న వాదనలు ఆ కమిషన్ ముందుకు వచ్చాయి. వాటిని కొట్టిపారేయలేం. అయితే ఇలాంటి విచారణలకు ఎవరు హాజరవుతారో కూడా గుర్తుపెట్టుకోవాలి. ప్లేటుదారుల సంఘానికి ఆఫీసుంది, లాయరుంది, కౌన్సిల్ సమావేశం జరిగే వేళకు వచ్చి కూర్చునే తీరిక ఉంది. తెల్లవారుజామున డ్యూటీ దిగి పడుకున్న నర్సు మధ్యాహ్నం సమావేశానికి రాదు. రాత్రి ప్రయాణికురాలిగా ఆమెకు ఒక సంఘం కూడా లేదు.

ఆమెకున్న మరో దారి, ఫోన్ చేసి పిలిపించుకునే ప్రైవేటు అద్దె కారు. ఇంగ్లండ్‌లో వీటి సంఖ్యకు కట్టడి లేదు. కాని వీటిని రోడ్డు మీద చెయ్యెత్తి ఆపకూడదు, ముందుగా బుక్ చేసుకోవాలి. రద్దీ వేళ అవీ దొరక్కపోతే, క్లబ్బు బయట అనుమతి లేని కారు పెట్టుకుని పిలిచే మనిషి సిద్ధంగా ఉంటాడు. లండన్‌లో అలాంటి కార్లెక్కిన ఆడవాళ్ల మీద అత్యాచారాలు ఎంత పెరిగాయంటే, నగర రవాణా సంస్థ, పోలీసులు కలిసి 2000ల మొదట్లో ప్రత్యేక కార్యక్రమం చేపట్టాల్సి వచ్చింది. బుక్ చేయని కారు ఎక్కొద్దని పోస్టర్లు వేశారు, లైసెన్సున్న కార్ల నంబర్లు ఫోన్‌కు సందేశంగా పంపే ఏర్పాటు చేశారు. రాత్రి రవాణా కొరతను సౌకర్యాల సమస్యగా చూసేవాళ్లు ఈ సంగతి దగ్గర ఒక నిమిషం ఆగాలి.

లండన్‌లోని నల్ల టాక్సీల సంఖ్యకు మాత్రం కట్టడి లేదు. అక్కడి గడప వేరే. ఛేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపలి వీధులు, సుమారు పాతిక వేలు, గుర్తుపెట్టుకుని మౌఖిక పరీక్షలు నెగ్గాలి. మూడు నాలుగేళ్లు పడుతుంది. అర్హత గడప ఎంత ఎత్తున్నా, కష్టపడ్డ ఎవరైనా దాటగలరు. దానికీ, డబ్బున్నవాడు మాత్రమే కొనగలిగే ప్లేటుకూ చాలా తేడా ఉంది. అదే నగరం 2016 ఆగస్టు నుంచి వారాంతాల్లో కొన్ని భూగర్భ రైలు మార్గాలను రాత్రంతా నడపడం మొదలుపెట్టింది. డబ్లిన్ కూడా 2019 డిసెంబరులో 41, 15 నంబరు బస్సులను ఇరవై నాలుగు గంటలూ తిప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ నగరంలో చదువుకుంటూ రెస్టారెంట్లలో పార్ట్‌టైమ్ చేసే తెలుగు పిల్లలకు ఇలాంటి బస్సు ఎంత అవసరమో వాళ్ల తల్లిదండ్రులకు చెప్పనక్కర్లేదు. టాక్సీ చర్చలో బస్సు మాట ఎప్పుడూ వెనకబడుతుంది. రాత్రి గంటకో బస్సున్న దారిలో టాక్సీ వరస దానంతట అదే తగ్గుతుంది.

న్యూయార్క్ అనుభవం ఇంకా కఠినం. 1937 నుంచి అక్కడ పసుపు టాక్సీల సంఖ్యకు హద్దు ఉంది. అనుమతి బిళ్ల ధర 2014 ప్రాంతంలో పది లక్షల డాలర్లు దాటింది. యాప్ కార్లు వచ్చి ఆ ధర కుప్పకూలేసరికి, అప్పు చేసి కొన్న డ్రైవర్లు అప్పుల్లో మునిగిపోయారు. వాళ్లలో దక్షిణాసియా నుంచి వలస వెళ్లినవాళ్లు ఎందరో. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో నగర కార్యాలయం ముందు రెండు వారాలు నిరాహార దీక్ష చేశాకే అప్పుల తగ్గింపుకు ఒప్పందం కుదిరింది.

మన దగ్గర ఈ కట్టడి ఆటోల రూపంలో ఉంది. ఢిల్లీలో కాలుష్యం కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు 1997లో ఆటోల సంఖ్యను ఉన్నచోట ఆపేసింది. ఉద్దేశం మంచిదే. కాని పర్మిట్లు ఫైనాన్షియర్ల చేతుల్లో చేరి, ఆటో ధరకు మించి పర్మిట్ ధర పలకడం మొదలైంది. 2011లో కోర్టే ఆ హద్దును లక్షకు పెంచింది. హైదరాబాద్‌లోనూ 2002లో నగర పరిధిలో కొత్త ఆటో పర్మిట్లు ఆపేశారు. పాత ఆటో తుక్కుకు వేస్తేనే కొత్తదానికి అవకాశం ఉండేది. పర్మిట్ బ్లాకులో అమ్ముడుపోయే సరుకైంది. జిల్లాల నుంచి వచ్చి నగరంలో తిప్పుకునే ఆటోడ్రైవరు పోలీసు కంటపడితే చలానా. నగర పర్మిట్ ఆటో కిరాయికి తీసుకున్నవాడు పొద్దున లేస్తే ఓనరుకు కట్టాల్సింది ముందు గుర్తుచేసుకోవాలి. మెట్రో ఆఖరి రైలు రాత్రి పదకొండు ప్రాంతంలో వెళ్లిపోయాక, కిరాయి తేల్చుకోవాల్సిన ఆ డ్రైవరు మీటరు పక్కనపెట్టి అడిగిందే రేటు అవుతుంది. తప్పు అతనిదొక్కడిదే అనడం తేలిక.

కాలుష్యం తక్కువుండే ఎలక్ట్రిక్, సీఎన్‌జీ, ఎల్‌పీజీ ఆటోలకు కొత్త పర్మిట్లు ఇచ్చేందుకు తెలంగాణ ప్రభుత్వం 2025లో తలుపు తెరిచింది. డబ్లిన్‌లో ఇరవై రెండేళ్లు ఆలస్యంగా అడిగిన ప్రశ్నలు హైదరాబాద్‌లో ఇప్పుడే అడగొచ్చు. ఈ పర్మిట్లు నడిపేవాడి పేరున పడుతున్నాయా, ఫైనాన్షియరు పేరున పడుతున్నాయా? అమ్ముకునే వీలు ఉందా? వాటిలో ఎన్ని రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా రోడ్డు మీద తిరుగుతున్నాయి? ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల గేట్ల దగ్గర, సికింద్రాబాద్ స్టేషన్ బయట, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దగ్గర ఆ వేళకు ఎవరు ఎంతసేపు నిలబడుతున్నారో, ఎందరు విసిగి నడిచి వెళ్లిపోతున్నారో రవాణా శాఖ ఏడాదికోసారి లెక్క తీసి, ఆ అంకెలను అందరికీ తెలిసేలా ప్రకటించాలి. కొత్త పర్మిట్ల మీద తర్వాతి నిర్ణయం ఆ లెక్క ముందు పెట్టుకుని జరగాలి.